గోడకు నెమ్ము, తలుపుకు నోటీసు

(నల్లగొండలో ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో, బ్యాంకుల తరఫున ఇళ్లకు విలువ కట్టే ఒక సివిల్ ఇంజనీరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే.

నేను చేసే పని చాలామందికి తెలీదు. బ్యాంకు ఇంటి మీద అప్పు ఇచ్చే ముందు ఆ ఇల్లు ఎంత చేస్తుందో చెప్పమని మాలాంటివాళ్లను పంపుతుంది. ఆ అప్పు మొండిబకాయి అయి ఇల్లు వేలానికి వస్తే, కనీస ధర ఎంత పెట్టవచ్చో చెప్పమని మళ్లీ మమ్మల్నే పంపుతుంది. అట్లా కొన్ని ఇళ్లకు గృహప్రవేశం మామిడాకులు ఎండకముందు ఒకసారి, తలుపుకు నోటీసు అంటించాక ఒకసారి పోవాల్సి వస్తుంది. రెండోసారి పోయినప్పుడు చూస్తే చాలా ఇళ్లల్లో గోడలు నెమ్మెక్కి, స్లాబు పెచ్చులూడి ఉంటుంది. కిస్తీకే డబ్బు లేనివాడు స్లాబు ఎక్కడ బాగు చేయిస్తాడు? అందుకే ఈ రెండు సంగతులూ ఒకేరోజు మాట్లాడతానని సెక్రటరీ గారితో అన్నాను.

నేను చెప్పేది ఒకటే మాట. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలీకుండా గోడ మీద డబ్బు పెట్టకండి. వ్యవహారం ఎంతదాకా వచ్చిందో తెలీకుండా అప్పు మీద డబ్బు పెట్టకండి. మనం రెండుచోట్లా ముందు ఖర్చు పెట్టి, తర్వాత కారణం వెతుకుతాం.

ముందు గోడ సంగతి చూద్దాం.

మనది ఎండల ప్రాంతం. ఇటు నల్లగొండ తీసుకున్నా అటు పాలమూరు తీసుకున్నా, ముసురు పట్టే రోజులు ఏడాదిలో కొన్నే. మరి ఇళ్లకు ఈ నెమ్మేంది, ఈ బూజేంది అంటారు. ఆ ఎండే సగం కారణం. మే నెలలో పగలు 44, 45 డిగ్రీల్లో స్లాబు కాలిపోతుంది, సాగుతుంది. తెల్లవారుజామున చల్లబడి ముడుచుకుంటుంది. పిట్టగోడ ఇటుకది, స్లాబు కాంక్రీటుది. రెండూ ఒకే తీరుగా సాగవు. ఆ రెండూ కలిసేచోట వెంట్రుక మందం పగులు పడుతుంది. జూన్‌లో మొదటి వాన పడగానే నీళ్లు ఆ పగుల్లోకే పోతాయి. మీరేమో గది మధ్యలో మచ్చ చూసి స్లాబు మధ్యలో పగులు వెతుకుతారు. నీళ్లు దిగేది ఒకచోట, తేలేది ఇంకోచోట. లోపల కరెంటు పైపు దొరికితే దాని వెంబడే పోయి ఫ్యాను హుక్కు దగ్గర కారతాయి.

ఇంకో కారణం కట్టేటప్పటిది. స్లాబు పోశాక ఎన్నిరోజులు నీళ్లు కట్టారు? మామూలు సిమెంటుకు వారానికి తక్కువ కావద్దని, ఎండ, వేడిగాలి ఉన్నచోట కనీసం పది రోజులు తడిపి ఉంచాలని మన దేశ కాంక్రీటు ప్రమాణమే చెబుతుంది. మనదగ్గర మూడోరోజుకు మేస్త్రీ రాడు, నాలుగోరోజుకు మనం మర్చిపోతాం. ఇక పోసేటప్పుడు మాలు గట్టిగా ఉంది, తొందరగా పారడం లేదని రెండు బకెట్ల నీళ్లు ఎక్కువ కలుపుతారు. ఆ ఎక్కువ నీళ్లు ఆవిరైపోయాక వాటి జాగా ఖాళీగానే ఉంటుంది. అందులోకి తర్వాత వాననీళ్లు వస్తాయి. నీళ్లు ఇనుము దాకా పోతే తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, కింద పెచ్చు ఊడిపడుతుంది. పెచ్చులు ఊడడం మొదలైందంటే అది ఇక రంగు పని కాదు, ఇంజనీరును పిలవాల్సిన పని.

నెమ్ము నాలుగు దారుల్లో వస్తుంది. పైనుంచి, పక్కనుంచి, కిందినుంచి, ఇంటి లోపలినుంచి. పైది చెప్పాను. పక్కది అంటే ఎక్కువగా బాత్రూం. బాత్రూం గోడకు ఆనుకుని బీరువా పెట్టుకుంటారు. బట్టలకు ముక్క వాసన వచ్చేదాకా ఎవరికీ తెలీదు. నల్లా బిగించి, రాత్రంతా ఎవరూ వాడకుండా, పొద్దున నీళ్ల మీటరో ట్యాంకు మట్టమో చూడండి. మీటరు తిరిగినా, మట్టం తగ్గినా పైపు కారుతున్నట్టే. అవి కదలకుండానే గోడ తడిగా ఉంటే టైల్స్ సందుల్లోంచి, నీళ్లు పోయే జాలీ చుట్టూ ఇంకుతోందని లెక్క. టైల్స్ మధ్య సందులు నింపించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. మొత్తం టైల్స్ పగలగొట్టాలని చెప్పే మేస్త్రీ మాట వినేముందు అది చేయించి చూడండి.

కిందినుంచి వచ్చేది మనదగ్గర గట్టి సమస్య. మిర్యాలగూడ, హాలియా వైపు, సాగర్ ఎడమ కాల్వ కింద వరిమళ్ల పక్కన కట్టిన ఇళ్లు చూడండి. కాల్వ నీళ్లు వదిలితే నేలలో నీళ్లు పైకొస్తాయి. పునాది మీద నెమ్మును ఆపే పొర, అదే డీపీసీ అంటారు, అది లేకుండా కడితే ఇటుక ఆ నీళ్లను పీల్చుకుంటుంది. గోడ కింద ఒక మూడడుగుల ఎత్తు దాకా అలలాగా మచ్చ గీసినట్టు ఉంటుంది. దాని మీద తెల్లగా పొడి. ఆ పొడిని చూసి చాలామంది బూజు అనుకుంటారు. ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. కరిగిపోతే అది ఉప్పు. కరగకుండా నల్లగానో పచ్చగానో అట్లాగే ఉంటే బూజు.

ఉప్పు సంగతి మన జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? నీళ్లల్లో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని ఊరి పేరే పెట్టారు. పటిక, సున్నం కలిపి తీసే ఆ పద్ధతిని దేశదేశాల్లో ఆ పేరుతోనే చదువుకుంటారు. మంచి పేరో చెడ్డ పేరో మీరే చెప్పాలి. నేను అనేదేమంటే, మిషన్ భగీరథ పథకం నీళ్లు తాగడానికి వచ్చాయి గాని ఇల్లు మాత్రం ఇంకా బోరు నీళ్లతోనే కడుతున్నాం. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లతో మాలు కలిపి, అవే నీళ్లతో తడిపితే ఆ ఉప్పంతా గోడలోనే ఉంటుంది. తడి ఆరేటప్పుడు బయటికి తేలి, రంగును పొరలు పొరలుగా లేపుతుంది. ఈ ఉప్పును నీళ్లతో కడగొద్దు. కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి ఎత్తిపోయాలి.

బూజుకు దీనికి సరిగ్గా తిరగేసి చేయాలి. పొడిగా దులిపితే దాని గింజలు గాలిలో లేచి ఇల్లంతా పడతాయి, ముక్కులోకి పోతాయి. ఆయాసం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. మూతికి మాస్కు కట్టుకుని, కిటికీలు తెరిచి, సర్ఫు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేసి, గోడను ఫ్యాను పెట్టి ఆరబెట్టాలి. తడిసిన పరుపు, అట్టపెట్టె, ప్లైవుడ్ రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలైనట్టే అనుకోండి. ఇంకో మాట, దీన్ని మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. బ్లీచింగ్ పౌడరు, బాత్రూం కడిగే యాసిడ్ ఎప్పుడూ కలపొద్దు. రెంటికి రెండూ గట్టివి, కలిపితే ఇంకా బాగా పోతుందని కొందరు కలుపుతారు. కలిపితే వచ్చేది క్లోరిన్ గ్యాసు. తలుపేసుకున్న బాత్రూంలో ప్రాణం మీదికి వస్తుంది.

నాలుగో దారి, లోపలినుంచి. చలికాలం కిటికీలన్నీ మూసి, గదిలో బట్టలు ఆరేసి, వంటింట్లో పొయ్యి మీద నీళ్లు మరిగిస్తే ఆ ఆవిరి ఎక్కడికి పోవాలి? చల్లగా ఉన్న గోడ మూలకు చేరి నీరవుతుంది. ఇది గోడలోంచి వస్తున్నదా, గాలిలోంచి వస్తున్నదా అని తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. జానెడు పాలిథిన్ కవరు ముక్క తీసుకుని, మచ్చ ఉన్నచోట నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఒక రోజు ఆగి చూడండి. కవరు వెనక, గోడ వైపు చెమట పడితే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. గది వైపు పడితే గాలిలోంచి. గాలిలోంచి అయితే కిటికీ తెరవడం, వంటింట్లో, బాత్రూంలో గాలి లాగే ఫ్యాను పెట్టడం చాలు. వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ మనిషిని పిలవనక్కర్లేదు.

ఇదంతా చూసుకోకుండా మనం చేసేదేమిటి? బిడ్డ పెళ్లి పెట్టుకున్నాం, చుట్టాలొస్తారు, గోడలు బాగాలేవు, రంగులేద్దాం. లేదంటే లోపలివైపు గట్టి సిమెంటు ప్లాస్టరు కొట్టి మూసేద్దాం. కిందినుంచి ఎక్కే నెమ్మును లోపల మూస్తే అది ఆగదు, దారి దొరికే ఎత్తుదాకా ఎక్కుతుంది. మూడడుగుల మచ్చ నాలుగడుగులవుతుంది. ఆ రంగు పెళ్లి ఆల్బమ్ వచ్చేలోగా లేస్తుంది.

మరి స్లాబుకు ఏం చేయాలి అంటే, ఎండాకాలం ముగియకముందే పైకెక్కండి. నీళ్లు పోయే గొట్టాల దగ్గర ఆకులు, ఇసుక తీయండి. రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించి ఎటు పోతున్నాయో చూడండి. నిలిస్తే వాలు లేదని అర్థం. పిట్టగోడ మూలన సిమెంటుతో గుండ్రంగా వాలు కట్టించండి, నీళ్లు నిలవవు. ట్యాంకు నిండి పొర్లేచోట ఒక పైపు పెట్టించండి. మన కాలనీలో సగం స్లాబులు వానకు కాదు, ట్యాంకు పొర్లి ఉరుస్తున్నాయి. నవ్వుతున్నారు గాని పైకెక్కి చూడండి.

చెదల గురించి ఎవరో చీటీ పంపారు. నెమ్ము ఉన్నచోటికే చెదలు వస్తాయి. నెమ్ము ఆపకుండా మందు కొట్టిస్తే ఏడాదికోసారి కొట్టిస్తూనే ఉంటారు. ఎర్తింగ్ గురించి కూడా అడిగారు. మన నేల రాతినేల, తొందరగా ఎండిపోతుంది. ఎండాకాలం ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోయండి. గీజరు ఉన్న ఇంట్లో 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, పెట్టించండి. ఈ రెండూ ఇంతే.

ఇక అప్పు సంగతి.

20 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు అనుకుందాం. నెలకు దగ్గర దగ్గర 18 వేలు కట్టాలి. మొదటి నెల ఆ 18 వేలల్లో 15 వేలు వడ్డీకే పోతాయి, అసలులో తగ్గేది 3 వేలు. రెండేళ్లు కట్టినా అప్పు అట్లాగే ఉందేమిటి సార్ అని అడుగుతారు. మోసం కాదు, లెక్కే అంత. అందుకే మొదటి ఏళ్లలో చేతికి డబ్బు అందినప్పుడు, పంట డబ్బో బోనసో, అసలులో కొంత కట్టేస్తే చాలా లాభం. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చినా వ్యక్తుల దగ్గర జరిమానా తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది.

కిస్తీ తప్పితే ఏమవుతుంది? గడువు దాటి 90 రోజులు అయితే ఆ ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబకాయి, అవుతుంది. ఆ 90 రోజులు మీ చేతిలో ఉన్న రోజులు. అప్పుడు మేనేజర్‌ను కలిస్తే గడువు పెంచమని, కిస్తీ తగ్గించమని అడగొచ్చు. ఇందాకటి అప్పునే ఇరవై నుంచి ఇరవై అయిదేళ్లకు పెంచితే కిస్తీ 16,800కు దిగుతుంది. నెలకు 1,200 ఊరట. మొత్తం మీద మాత్రం 7 లక్షల పైచిలుకు ఎక్కువ కడతారు. ఇది తెలిసి ఒప్పుకోండి. ఇల్లు నిలబడాలంటే ఒక్కోసారి అదే మంచిది. ఎన్‌పీఏ అయ్యాక సంగతి వేరు. అప్పుడు ఒక కిస్తీ, రెండు కిస్తీలు కడితే ఖాతా మామూలుకు రాదు, బాకీపడ్డ కిస్తీలన్నీ కడితేనే వస్తుంది. బంగారం అమ్మి తెచ్చిన 20 వేలు కట్టి, ఇక నోటీసు రాదులే అని కూర్చున్నవాళ్లను చూశాను.

మనవాళ్లు ఈ 90 రోజుల్లో చేసేది ఏమిటో తెలుసా? బ్యాంకు ఫోను ఎత్తరు. ఊళ్లో తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కిస్తీ కడతారు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 9 శాతం అప్పు తీర్చడానికి 24 శాతం అప్పు! కిస్తీ తప్పకపోవచ్చు, మనిషి మాత్రం మునుగుతాడు. భార్యకు చెప్పరు, కొడుకుకు చెప్పరు. ఇంట్లో పదిమంది ఉన్నా, చివరికి బ్యాంకు నుంచి వచ్చే కవరు సంగతి ఒక్కడికే తెలుసు.

ఆ కవరు ఏమిటంటే, ఖాతా ఎన్‌పీఏ అయ్యాక, 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు పంపే 13(2) నోటీసు. మొత్తం బాకీ 60 రోజుల్లో కట్టమని ఉంటుంది. కోర్టుకు పోకుండానే ఇల్లు స్వాధీనం చేసుకునే అధికారం ఈ చట్టం బ్యాంకుకు ఇచ్చింది. మనదగ్గర ఒక నమ్మకం ఉంది, రిజిస్టర్ పోస్టు తీసుకోకపోతే నోటీసు చెల్లదని. దేవరకొండ వైపు ఒక ఇంటికి వేలం ధర కట్టడానికి పోతే, ఆ పెద్దాయన ఎంత ధీమాగా ఉన్నాడంటే, "నేను సంతకం పెట్టలే సార్, పోస్టుమాన్‌ను వాపస్ పంపిన" అన్నాడు. ఆయన నిలబడ్డ తలుపుకే నోటీసు అంటించి ఉంది, పేపర్లో ప్రకటన కూడా పడింది. కవరు వద్దన్నా ఇచ్చినట్టే లెక్క. తీసుకోండి, చదవండి, చదివించుకోండి. లెక్క తప్పనిపిస్తే, మీరు కట్టిన కిస్తీ చూపకపోతే, ఆ 60 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. బ్యాంకు 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాగితం మీద రసీదు తీసుకోండి. కౌంటర్లో నోటిమాటగా చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు.

60 రోజులు దాటితే స్వాధీనం నోటీసు వస్తుంది. మొదట కాగితం మీద స్వాధీనం, మీరు ఇంట్లోనే ఉంటారు. తర్వాత కలెక్టరు లేదా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో మనుషులొచ్చి తాళం వేస్తారు. దీని మీద మీకు అభ్యంతరం ఉంటే హైదరాబాద్‌లోని రుణ వసూలు ట్రిబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి, 45 రోజుల్లో పోవాలి. ఇక్కడ జిల్లా సివిల్ కోర్టులో స్టే తెస్తానని ఎవరైనా మీదగ్గర ఫీజు తీసుకుంటే ఆలోచించండి. ఈ చట్టం కింది వ్యవహారాల్లో సివిల్ కోర్టు జోక్యం చేసుకోకుండా చట్టంలోనే రాసి ఉంది. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. దాన్ని విని ఇంటికీ వర్తించదనుకునేవాళ్లు ఉన్నారు. తనఖా పెట్టిన ఇంటికి వర్తిస్తుంది, ఆడవాళ్ల పేరున ఉన్నా వర్తిస్తుంది.

వేలం ప్రకటన పడకముందే మొత్తం బాకీ, ఖర్చులతో సహా కట్టేస్తే ఇల్లు మీకే. 2016లో చట్టం సవరించాక ఆ గడువు ప్రకటన దాకానే. పాతరోజుల్లోలా వేలం అయ్యాక కూడా కట్టి తెచ్చుకుంటానంటే కుదరదు. అందుకని, కట్టే దారి లేదని తేలిపోతే మీరే అమ్ముకోండి. వేలంలో నేను పెట్టే ధర అంటే బయటి ధర కాదు. లోపల మనుషులున్న ఇల్లు, తగాదా ఉన్న ఇల్లు అని కొనేవాడు తగ్గించే అడుగుతాడు. మీరే కొనేవాడిని చూసుకుని, బ్యాంకుకు చెప్పి, అతని డబ్బుతో అప్పు తీర్చి రిజిస్ట్రేషన్ చేయిస్తే నాలుగు రూపాయలు మిగులుతాయి. వేలంలో అప్పు పోను మిగిలినా అది మీకే రావాలి, అదీ గుర్తుపెట్టుకోండి.

వసూలుకు వచ్చేవాళ్లు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదు, బెదిరించకూడదు. చేస్తే బ్యాంకుకు రాసి ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ను ఇస్తారు. 15100కి ఫోను చేయొచ్చు. లోక్ అదాలత్ పెట్టినప్పుడు బ్యాంకులు రాజీకి వస్తాయి, కొంత వడ్డీ వదులుకుంటాయి. పోయేముందు మీరు ఎంత కట్టగలరో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకుని పోండి. అక్కడ మొహమాటానికి ఒప్పుకుని తర్వాత కట్టలేకపోతే మళ్లీ మొదటికే.

ఇక ప్రశ్నలు అడగండి. చెప్పమ్మా.

(ఒక మహిళ: సార్, ఇంటాయన చనిపోతే అప్పు ఎవరు కట్టాలి?)

ముందు అప్పు కాగితాలు తీసి చూడండి. అప్పు ఇచ్చేటప్పుడు చాలామందితో బీమా చేయిస్తారు, ప్రీమియం అప్పులోనే కలిపేస్తారు. ఇంట్లోవాళ్లకు అది ఉన్నట్టే తెలీదు. మనిషి బీమా ఉంటే అప్పు మొత్తమో కొంతో దాంతో తీరుతుంది. దాన్ని ఇంటికి చేసిన బీమాతో కలిపి చూడకండి, అది అగ్నిప్రమాదం, వరద లాంటివాటికి. బీమా లేకపోతే ఇల్లు తనఖాలోనే ఉంటుంది కాబట్టి వారసులు కట్టుకోవాలి. బ్యాంకుకు వెంటనే రాసి ఇవ్వాలి. దినాలు అయ్యాక చూద్దామంటే 90 రోజులు ఆగవు.

(వెనక నుంచి ఒకరు: అప్పు మొత్తం కట్టి ఏడాదైంది. కాగితాలు ఇస్తలేరు.)

పూర్తిగా కట్టిన 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు వాపసు ఇవ్వాలని, ఆలస్యానికి తమదే కారణమైతే రోజుకు 5 వేల చొప్పున మీకు చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశం ఉంది. 2023 డిసెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. మీది దాని తర్వాతే కదా? అయితే ఆ ఆదేశం పేరు రాసి రేపే అర్జీ ఇవ్వండి, రసీదు ముద్ర వేయించుకోండి. ఒకపని మాత్రం మర్చిపోకండి. తనఖా రిజిస్టర్ అయి ఉంటే దాని రద్దు కూడా రిజిస్టర్ చేయించాలి. బ్యాంకువాళ్లను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకుపోండి, ఆ తర్వాత ఈసీ, అంటే ఇంటి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం, తీసి చూసుకోండి. లేకపోతే మీ పిల్లలు అమ్మబోయిన రోజు తీరిపోయిన అప్పు ఇంకా ఇంటి మీద ఉన్నట్టే కనిపిస్తుంది.